లెక్క తెలుగులో, బేరం ఒడియాలో

రాయగడ జిల్లా చాటికోనలో బుధవారం సంత. నియమగిరి కొండల మీంచి డోంగ్రియా కోందులు పసుపు, అల్లం, అనాసపళ్లు మోసుకుని దిగుతారు. కొనే వ్యాపారులు కాటాలు సర్దుకుని వాళ్ల కోసం కాచుకుని ఉంటారు. వాళ్లలో తాతల నాడు ఇటు వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్లూ ఉంటారు. "ఎతే దామ్ కాహింకి?" (ఇంత ధర ఎందుకు?) అంటూ బేరం ఒడియాలో మొదలవుతుంది. మధ్యలో కోందుల భాష కువిలో నాలుగు మాటలు పడతాయి. పక్కాయనతో "బావా, చిల్లరుందా?" అని తెలుగు. అల్లం తూచాక మాత్రం వ్యాపారి పెదవులు చప్పుడు లేకుండా కదులుతాయి. పదిహేడు మూళ్లు యాభై ఒకటి. ఆ అంకెని మళ్లీ ఒడియాలోకి మార్చి పైకి చెబుతాడు.

సరిహద్దు జిల్లాల్లో ఇది ఎవరికీ వింత కాదు. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, జయపురం, అటు మహారాష్ట్ర వైపు సిరొంచ, ధర్మాబాద్... ఎక్కడ చూసినా అంతే. పొద్దస్తమానం ఒడియాలోనో మరాఠీలోనో మాట్లాడేవాళ్లు కూడా లెక్క దగ్గరికొచ్చేసరికి చిన్నప్పుడు ఎక్కాలు ఏ భాషలో వల్లించారో అందులోకి జారిపోతారు. మెదడు మీద పనిచేసేవాళ్లు దీన్ని చాలాకాలంగా పట్టి చూస్తున్నారు.

2001లో ఎలిజబెత్ స్పెల్కీ, సన్నా త్సివ్‌కిన్ అనే ఇద్దరు పరిశోధకులు రష్యన్, ఇంగ్లిష్ రెండూ వచ్చినవాళ్లను తీసుకుని, కొన్ని కొత్త లెక్కలు రష్యన్‌లో, కొన్ని ఇంగ్లిష్‌లో బాగా సాధన చేయించారు. తర్వాత వాటినే రెండు భాషల్లోనూ అడిగారు. కచ్చితమైన జవాబు కావలసిన లెక్కలు నేర్చుకున్న భాషలో చకచకా వచ్చాయి, రెండో భాషలో అడిగితే ఆలస్యమయ్యాయి. ఉజ్జాయింపుగా చెప్పమన్నప్పుడు మాత్రం ఏ భాషలో అడిగినా తేడా లేదు. ఈ గంప ఆ గంప కన్నా బరువని చూపుతో అంచనా కట్టడానికి భాషతో పనిలేదు. పదిహేడు మూళ్లు ఎంతో చెప్పాలంటే, అది ఏ మాటల్లో మనసులో నాటుకుందో ఆ మాటలే కావాలి.

లక్సెంబర్గ్‌లో ఇంకో తమాషా ఉంది. అక్కడ చిన్న తరగతుల్లో లెక్కలు జర్మన్‌లో చెబుతారు, పెద్ద తరగతులకొచ్చాక ఫ్రెంచిలో. అలా చదువుకుని పెద్దయి, రెండు భాషల్లోనూ ఆరితేరినవాళ్లను, మెదడులో ఏ భాగం పనిచేస్తోందో చూపే ఎఫ్ఎమ్ఆర్ఐ స్కానర్‌లో పడుకోబెట్టి కూడికలు చేయించారు. 2017లో వచ్చిన ఫలితం ఇది: జర్మన్‌లో కూడేటప్పుడు పని సాఫీగా జరిగిపోయింది. ఫ్రెంచిలో కూడేటప్పుడు చూపుకు, ఊహలో బొమ్మ కట్టుకోవడానికి సంబంధించిన భాగాలు కూడా అదనంగా పనిలోకి దిగాయి. మన వ్యాపారి ఒడియాలో హెచ్చవేత పెట్టుకోకపోవడం బద్ధకం కాదు, పొదుపు. పైగా తెలుగులో నలభై తొమ్మిదంటే నలభై మీద తొమ్మిది, అంతే. ఒడియాలో దానికి అణచాస అని వేరే మాట ఉంది. హిందీలో లాగే వందలోపు అంకెలన్నీ ఒక్కొక్కటీ బట్టీ పట్టాల్సిందే.

మరి తెలుగులో లెక్క నడుస్తున్న ఆ రెండు క్షణాలూ ఒడియా ఏమవుతుంది? నిద్రపోతుందని చాలాకాలం అనుకున్నారు. ఒక భాష ఆపితే రెండోది మొదలవుతుందని, రెండూ ఒకేసారి నడవవని అప్పటి లెక్క. ఇది తప్పని తేలింది. వియోరికా మేరియన్, మైఖేల్ స్పివీ 1999లో చేసిన ప్రయోగం చాలా సాదా సీదాది. రష్యన్, ఇంగ్లిష్ వచ్చినవాళ్ల ముందు బల్ల మీద నాలుగు వస్తువులు పెట్టారు. కళ్లు ఎటు కదులుతున్నాయో చూసే పరికరం తగిలించారు. "మార్కర్ తియ్యి" అని ఇంగ్లిష్‌లో చెప్పారు. చెయ్యి సరిగ్గా మార్కర్ మీదికే వెళ్లింది. కళ్లు మాత్రం ముందు ఒక్క క్షణం పక్కనున్న తపాలా బిళ్ల వైపు తిరిగాయి, ఎందుకంటే రష్యన్‌లో దాన్ని మార్కా అంటారు. గదిలో ఎవరూ రష్యన్ మాట్లాడలేదు, అయినా అది మేలుకునే ఉంది.

ఇదే ప్రయోగం బరంపురంలో చెయ్యాలంటే బల్ల మీద ఒక పెట్టె, పొట్ట బొమ్మ ఉన్న కాగితం ఒకటి పెడితే చాలు. ఒడియాలో పొట్టని పెట అంటారు. "పెట" అని సగం వినబడగానే తెలుగు కళ్లు పెట్టె వైపు పోవాలి.

రెండూ మేలుకుని ఉంటే రెండూ ఒకేసారి నోట్లోంచి దొర్లిపడాలి కదా. పడకుండా ఎవరో పట్టుకుంటున్నారన్నమాట. ఆ పని చేసే భాగాలు మెదడులో చాలానే ఉన్నాయి: నుదుటి వెనకాల ఫ్రంటల్ భాగం, దానికి లోపలి వైపు యాంటీరియర్ సింగ్యులేట్, ఇంకా లోతున కాడేట్ అనే చిన్న ముద్ద. వాటిలో కాడేట్ సంగతి ఒక రోగి వల్ల బయటపడింది. ఆర్మేనియన్, ఇంగ్లిష్, ఇటాలియన్ మూడూ బాగా వచ్చిన ఒకామెకి ఎడమ కాడేట్ దగ్గర దెబ్బ తగిలింది. మాట పోలేదు. అయితే ఒక భాషలో మొదలుపెట్టిన వాక్యం తన ప్రమేయం లేకుండానే ఇంకో భాషలోకి దాటిపోయేది. ఎదుటివాళ్లకి అర్థం కాదని తెలిసినా ఆపుకోలేకపోయేది. 2000లో యూబిన్ అబుతలేబి బృందం ఈ కేసు రాసింది. ఆరేళ్లకి, 2006లో, ఆరోగ్యవంతుల స్కాన్‌లలోనూ భాష మారిన క్షణంలో ఎడమ కాడేట్ స్పందించడం కనబడింది.

ఇలా అదిమి పట్టుకోవడానికి ఖర్చుంది. ఆ ఖర్చు మనం అనుకున్న వైపు పడదు. పరాయి భాషలోకి మారడం కష్టం, సొంత భాషలోకి తిరిగి రావడం సులువు అనుకుంటాం. 1999లో రెనాటా మ్యూటర్, ఆలన్ ఆల్‌పోర్ట్ అంకెలు చదివించే పరీక్షతో కొలిస్తే ఫలితం తలకిందులుగా వచ్చింది. బాగా వచ్చిన భాషలోకి తిరిగి వచ్చేటప్పుడే ఎక్కువ ఆలస్యం జరిగింది. బలమైన భాషను అంత గట్టిగా తొక్కిపెట్టాలి కాబట్టి, వదిలాక పైకి లేవడానికి దానికి అంత సమయం పడుతుందని వాళ్ల వివరణ. బ్లాక్ ఆఫీసులో పూటంతా ఒడియాలో గడిపి బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేసినప్పుడు మొదటి వాక్యంలో తెలుగు మాట కోసం తడుముకునేవాళ్లని చూసి "ఒడియావాళ్లలో కలిసిపోయాడు" అని ఎద్దేవా చేస్తారు మనవాళ్లు. పాపం, అతని తెలుగు చెక్కుచెదరలేదు.

రెండు భాషలు పిల్లల బుర్రకి బరువనే మాట ఇప్పటికీ మా వైపు స్కూళ్లలో వినబడుతుంది. ఆ మాటకి పెద్ద చరిత్రే ఉంది. 1923లో వేల్స్‌లో సేర్ అనే ఆయన, పల్లెల్లో రెండు భాషలు మాట్లాడే పిల్లలు తెలివి పరీక్షల్లో వెనకబడ్డారని రాశాడు. పేదరికం, చదువు, పరీక్ష పెట్టిన భాష వంటివి సరిగ్గా లెక్కలోకి తీసుకోని ఇలాంటి అధ్యయనాలు దశాబ్దాలపాటు చలామణీ అయ్యాయి. ఆ రోజుల్లోనే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకి వాళ్ల భాషలోనే వాచకాలు తయారుచేశారు. మొదట ఇంటి భాషలో చదువు, తర్వాత మిగతావి అన్నది ఆయనకి ప్రయోగశాల చెప్పిన సంగతి కాదు. 1962లో మాంట్రియాల్‌లో పీల్, లాంబర్ట్ అనేవాళ్లు ఒకే స్థాయి కుటుంబాల పిల్లల్ని పోల్చి చూస్తే రెండు భాషల పిల్లలే ముందున్నారు.

ఇక్కడ నాకు అన్నిటికన్నా నచ్చే అధ్యయనం మన పక్క జిల్లాదే. కంధమాల్‌లో కోందులు కొన్ని ప్రాంతాల్లో కుయి (కోందుల ఇంకో భాష), ఒడియా రెండూ మాట్లాడతారు. ఇంకొన్ని ప్రాంతాల్లో కుయి పోయి ఒడియా ఒక్కటే మిగిలింది. తెగ అదే, పండగలు అవే, రాబడీ అంతంతమాత్రమే. తేడా ఒక్క భాషలోనే. ప్రకృతి ఇంత శుభ్రంగా ప్రయోగం అమర్చిపెట్టడం అరుదు. అజిత్ మహంతి ఏళ్ల తరబడి ఈ పిల్లల మీద పనిచేశారు. రెండు భాషల పిల్లలు తెలివి పరీక్షల్లోనూ, భాష గురించి ఆలోచించే పరీక్షల్లోనూ మెరుగ్గా చేశారు. ఆ రెండో రకం పరీక్షల్లో ప్రశ్నలు ఎలా ఉంటాయంటే: రేపటి నుంచి కుక్కని అందరం పిల్లి అని పిలుద్దాం అనుకుంటే, ఆ పిల్లి మొరుగుతుందా? ఒక్క భాషే విన్న పిల్లాడు తికమకపడతాడు. అమ్మ ఒకలా, అంగడివాడు ఇంకోలా పిలవడం రోజూ వినే పిల్లాడికి పేరు వేరు, వస్తువు వేరు అన్నది కొత్త సంగతి కాదు.

పిల్లల మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క. ఒడియా స్కూల్లో చదివే మనవడికి తెలుగు టీవీ సీరియళ్లే నేర్పిస్తాయని నిశ్చింతగా ఉండే తాతయ్యలున్నారు. 2003లో పెట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల అమెరికన్ పసివాళ్లకి చైనా భాష వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని బొమ్మలతో ఆడిస్తూ మాట్లాడితే ఆ భాష ధ్వనుల తేడాలు పట్టుకున్నారు. అదే మనిషిని టీవీలో చూపిస్తే ఏమీ పట్టుకోలేదు. అది పసివాళ్ల సంగతి, పెద్ద పిల్లలకి యథాతథంగా వర్తించదు. అయినా సీరియల్ కన్నా నాయనమ్మే నయం.

ఇక వయసు మళ్లిన మెదడు. 2013లో సువర్ణ అల్లాడి బృందం హైదరాబాద్ నిమ్స్ మెమరీ క్లినిక్‌కి వచ్చిన 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగుల వివరాలు బయటపెట్టింది. ఒకటి కన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. అంతకుముందు కెనడాలో ఎలెన్ బియాలిస్టాక్ నాలుగేళ్ల తేడా చూపించింది. కానీ టొరంటోలో రెండు భాషలవాళ్లలో చాలామంది వలస వచ్చినవాళ్లు. వలస వెళ్లగలిగినవాళ్లు మొదట్నుంచీ దిట్టంగా ఉంటారేమో అన్న అనుమానం మిగిలిపోయింది. హైదరాబాద్‌లో ఆ పేచీ లేదు. పుట్టిన ఊళ్లోనే తెలుగు, దక్కనీ, హిందీ చెవిన పడతాయి. బడి ముఖం చూడనివాళ్లలో కూడా తేడా ఆరేళ్ల దాకా ఉంది, కాబట్టి ఇది చదువు ప్రభావం అని కొట్టిపారేయడానికీ లేదు. ఇంకో ముఖ్యమైన వివరం: రెండు భాషల తర్వాత మూడోది, నాలుగోది వచ్చినా అదనపు లాభం కనబడలేదు.

అంతకన్నా లోపలికి వెళ్లి చూసింది ఇటలీ. ఆల్ప్స్ పర్వతాల కింద సౌత్ టిరోల్ అనే ప్రాంతం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆస్ట్రియా నుంచి ఇటలీకి మారింది. జనం ఇళ్లలోంచి కదల్లేదు, గీత జరిగింది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న బరంపురం 1936 ఏప్రిల్ 1న కొత్త ఒరిస్సా రాష్ట్రంలోకి వెళ్లినట్టు. అలాంటి చోట జర్మన్, ఇటాలియన్ రెండూ బతుకులో భాగమే. మిలాన్‌కి చెందిన డానియేలా పెరాని బృందం 85 మంది అల్జీమర్స్ రోగుల మెదళ్లను పెట్ స్కాన్‌తో చూసి 2017లో ప్రచురించింది. వాళ్లలో 45 మందికి రెండు భాషలు, 40 మందికి ఒకటే. రెండు భాషలవాళ్లు సగటున ఐదేళ్లు పెద్ద. స్కాన్‌లో వాళ్ల మెదడు గ్లూకోజ్ వాడకం మరీ దారుణంగా పడిపోయి ఉంది. అయినా జ్ఞాపకశక్తి పరీక్షల్లో వాళ్లే మెరుగు!

ఇందులో వైరుధ్యం లేదు. రెండు భాషలు జబ్బుని ఆపలేదు. మెయిన్ రోడ్డు తెగిపోయినా సందుగొందులు తెలిసిన రిక్షావాడు ఊళ్లో తిరగగలిగినట్టు, పాడైన భాగాలను తప్పించుకుని మిగతా భాగాలు పని లాక్కొచ్చాయి. ఆ మిగతా భాగాల మధ్య అనుసంధానం రెండు భాషలవాళ్లలో బలంగా ఉంది. ఎంత ఎక్కువగా రెండూ వాడితే అంత బలంగా ఉంది. వచ్చా రాదా అన్నది కాదు, జీవితమంతా వాడారా అన్నదే ఇక్కడ లెక్క.

అయితే "రెండు భాషలు వస్తే మతిమరుపు రాదు" అని వాట్సాప్‌లో తిరిగే ముక్కని నమ్మకండి. ఎదురు సాక్ష్యం గట్టిగానే ఉంది. ఉత్తర మన్‌హాటన్‌లో స్పానిష్ మాట్లాడే వలస వృద్ధుల్ని వెయ్యి మందికి పైగా ఏళ్లపాటు గమనిస్తే, ఇంగ్లిష్ కూడా వచ్చినవాళ్లకి మొదట్లో మార్కులు ఎక్కువ వచ్చాయి గానీ డిమెన్షియా తగ్గలేదు. అది 2014లో వచ్చింది. 2019లో అమెరికాలో తొమ్మిది, పదేళ్ల పిల్లలు 4,524 మందిని పరీక్షిస్తే రెండు భాషలవాళ్లకి మనసుని అదుపులో పెట్టుకునే పరీక్షల్లో ప్రత్యేకమైన ఆధిక్యత ఏమీ కనబడలేదు. 2020లో కెనడాలో ఏడ్రియన్ ఓవెన్ బృందం 11 వేల మందికి పైగా పెద్దవాళ్లను పరీక్షించింది, అక్కడా అంతే. మళ్లీ 2025 చివర్లో 27 యూరప్ దేశాలకి చెందిన 86 వేల మందికి పైగా జనం వివరాలతో ఇంకో అధ్యయనం వచ్చింది. బహుభాషలున్న చోట మనుషులు అసలు వయసు కన్నా ముందే ముదిరిపోవడం తక్కువని దాని సారాంశం. అందులో భాషల లెక్క మనిషి మనిషికీ తీసింది కాదు, దేశాలవారీ అంచనా. అందుకని దాన్ని కాస్త ఆచితూచి చదవాలి.

ఇన్ని అధ్యయనాలు ఇలా ఎడమొహం పెడమొహంగా ఉండడానికి నాకు సబబుగా తోచే కారణం 2013లో డేవిడ్ గ్రీన్, అబుతలేబి ఇద్దరూ కలిసి చెప్పిందే. ఎన్ని భాషలు వచ్చని అడిగి గడిలో టిక్కు పెడితే సరిపోదు, ఎక్కడ, ఎవరితో, ఎలా వాడుతున్నారో చూడాలి అన్నారు. వాళ్లు మూడు రకాలు చెప్పారు. ఇంట్లో ఒకటి, ఆఫీసులో ఇంకొకటి, రెండూ ఎదురుపడవు: ఇది మొదటిది. ఒకే చోట ఒకరితో ఒకటి, మరొకరితో మరొకటి: ఇది రెండోది. ఒకే వాక్యంలో రెండూ కలగలిపి మాట్లాడడం మూడోది. వాళ్ల అంచనా ప్రకారం మెదడుకి అన్నిటికన్నా ఎక్కువ కసరత్తు రెండోదానిలో. ఎదుటి మనిషిని చూడాలి, ఒక భాషని అణచాలి, రెండోదాన్ని పైకి తేవాలి, మనిషి మారగానే మళ్లీ అటుదిటు చెయ్యాలి. మూడోదానిలో రెండూ చేతికందేట్టుగా ఉంటాయి కాబట్టి అణిచివేత అంతగా అక్కర్లేదు.

బరంపురంలో పట్టుచీరల కొట్టు నడిపే తెలుగాయన్ని తీసుకోండి. పొద్దున్న ఇంట్లో తెలుగు తప్ప ఇంకోటి లేదు. కొట్టు తెరిచాక గల్లాపెట్టె దగ్గర కూర్చుని, ఎదురుగా ఉన్న అత్తాకోడళ్లతో "ఈ అంచు చూడండమ్మా" అంటాడు. మెడ కాస్త తిప్పి గుమస్తాకి ఒడియాలో పై అరలోది దింపమంటాడు. ఫోన్లో రాయపూర్ పార్టీతో హిందీ. సాయంత్రం టీ కొట్టు దగ్గర చిన్నప్పటి నేస్తాలతో మాట్లాడేది తెలుగో ఒడియావో ఆయనే చెప్పలేడు. గ్రీన్ రాసిన మూడు రకాలూ ఆయన ఒక్క రోజులో ఉన్నాయి. ఇంట్లో స్పానిష్, బయట ఇంగ్లిష్ మాట్లాడే మన్‌హాటన్ వృద్ధురాలినీ ఈయన్నీ ఒకే వరసలో "రెండు భాషలవాళ్లు" అని రాసి సగటు తీస్తే వచ్చే జవాబుకి అర్థం తక్కువ. అలాగే బడిలో మాత్రమే వినబడి ఇంటి గుమ్మం దాటని ఇంగ్లిష్ మీడియానికి ఈ పరిశోధనల్ని సర్టిఫికెట్‌గా చూపించడం కూడా కుదరదు.

వీటన్నిటికన్నా వెంటనే అవసరపడే సంగతి ఆసుపత్రిలో ఎదురవుతుంది. 2016లో అల్లాడి బృందమే 608 మంది పక్షవాతం రోగుల్ని చూసింది. తర్వాత జ్ఞాపకం, ఆలోచన మామూలుగా నిలిచినవాళ్లు రెండు భాషలవాళ్లలో 40.5 శాతం, ఒక భాషవాళ్లలో 19.6 శాతం. మాట పడిపోవడంలో మాత్రం రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. మాట పడిపోతే రెండు భాషల్లో ఏది ముందు తిరిగొస్తుందన్న తగువు 19వ శతాబ్దపు ఫ్రాన్స్ నాటిది. మొదట నేర్చుకున్నది ముందొస్తుందన్నాడు రిబో. జబ్బు చేసేనాటికి ఎక్కువగా వాడుతున్నది ముందొస్తుందన్నాడు పిత్ర్. ఎక్కువమందిలో రెండూ ఇంచుమించు సమానంగానే తిరిగొస్తాయని తర్వాత తేలింది. కొందరిలో ఒకటి వచ్చి రెండోది వెనకబడిపోతుంది.

మతిమరుపు పరీక్షలో కూడా ఇదే చిక్కు. నూరులోంచి ఏడు తీసేస్తూ వెనక్కి లెక్కపెట్టమని ఒడియాలో అడుగుతాడు డాక్టరు. డెబ్భై ఏళ్లు దాటిన తెలుగు అమ్మమ్మ ఎనభై ఆరు దగ్గర ఆగిపోతుంది. ఆగింది జ్ఞాపకమా, ఆ భాషలో లెక్కా అన్నది ఆ కాగితం మీద తెలియదు. భారత వైద్య పరిశోధన మండలి తయారుచేయించిన పరీక్షల పెట్టె తెలుగు, హిందీ, బెంగాలీ, కన్నడం, మలయాళాల్లో ఉంది. ఒడిశా ఆసుపత్రిలోనైనా తెలుగు పెద్దవాళ్లకి తెలుగు పరీక్ష పెట్టగలరేమో అడిగి చూడొచ్చు. వెంట వెళ్లిన కూతురో కొడుకో డాక్టరుకి ముందే చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి: అమ్మ ఏ బడిలో ఎంతవరకు చదివింది, ఎవరితో ఏ భాష మాట్లాడేది, జబ్బు చేసే ముందు నెలల్లో ఆమె నోట ఎక్కువగా వినబడింది ఏది. స్పీచ్ థెరపీ ఏ భాషలో మొదలుపెట్టాలన్నది థెరపిస్టు తేల్చుకునేది చాలావరకు ఆ వివరాల మీదే.